వీధిదీపం లేని వాడ నుంచి ఒక అప్పీలు

పసుపు తవ్వే కాలంలో మా మోర్తాడ్ చుట్టుపక్కల పల్లెల్లో ఎవరికీ తీరిక ఉండదు. తవ్విన కొమ్ములను ఉడకబెట్టాలి, కల్లంలో ఆరబోయాలి, మెరుగు పట్టించి నిజామాబాద్ మార్కెట్ యార్డుకు చేర్చాలి. అటువంటి రోజుల్లో ఒక ఉదయం, వేళ్ల సందుల్లో పసుపు మరకలు ఇంకా పోని ఒక తల్లి ఆ రోజు కూలి వదులుకొని నా ఇంటికి వచ్చింది. కొంగుముడి విప్పి, నాలుగు మడతలు పెట్టిన కాగితాలు నా చేతికిచ్చింది. "బిడ్డా, వాడేం రాసిండో సదివి చెప్పు. జడ్జి సారుకు తనే చెప్పుకుంటడట. చెప్పనిస్తరా?" అని అడిగింది.

హత్య కేసులో యావజ్జీవ శిక్ష పడి ఆమె కొడుకు జైలులో ఉన్నాడు. దళిత వాడలో పుట్టి, ఏడో తరగతితో బడి మానేసి, కూలికి వెళ్లిన మనిషి. నోటుబుక్కు కాగితాల మీద తన అప్పీలును తానే రాసుకున్నాడు. న్యాయసహాయం కింద తనకు నియమించిన న్యాయవాదిని అతడు ఒక్కసారి కూడా చూడలేదట. అతడు దోషో నిర్దోషో నేను చెప్పలేను. అది పైకోర్టు తేల్చవలసిన విషయం. అందుకే ఇక్కడ అతని పేరు గానీ ఊరి పేరు గానీ రాయడం లేదు. నా ప్రశ్న వేరే ఉంది. తేల్చే ముందు కోర్టు అతని మాట వింటుందా?

ఐదు పేజీల ఆ కాగితాల్లో ఎక్కువ భాగం మొర. తాను చేయలేదన్న మాట పదే పదే ఉంది. చట్టం సెక్షన్లు లేవు, పూర్వ తీర్పుల ప్రస్తావన లేదు. మూడో పేజీలో మాత్రం ఒక చోట ఇలా ఉంది: "స్తంభం లైటు కింద నన్ను చూసిన అన్నడు. మా వాడ స్తంభానికి అప్పుడు బుగ్గనే లేదు. లైట్లు పటేండ్ల గల్లీ దాకనే ఉండె."

నేను ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను. తర్వాత కింది కోర్టు తీర్పు తెప్పించి చదివాను. ప్రత్యక్ష సాక్షి కథనం మొత్తం ఆ వీధిదీపం వెలుగు మీదే నిలబడి ఉంది. క్రాస్ ఎగ్జామినేషన్‌లో దూరం ఎంత అని అడిగారు, సాక్షికి పాతపగ ఉందా అని అడిగారు. దీపం ఉందా అని ఎవరూ అడగలేదు. అడగాలన్న ఆలోచన కూడా ఎవరికీ వచ్చి ఉండదు. స్తంభం ఉంటే దీపం ఉంటుందని అనుకోవడం దీపాలున్న వీధుల్లో పెరిగినవారికి సహజం. ఆ న్యాయస్థానంలో చీకటి పడ్డాక ఆ వాడలో నడిచిన మనిషి ఒక్కడే ఉన్నాడు. అతడు ముద్దాయి బోనులో నిలబడి ఉన్నాడు.

ఒక విషయం ఒప్పుకోవాలి. నేనూ అటువంటి వాడలోనే పుట్టాను, ఇప్పుడు నల్లకోటు వేసుకుంటున్నాను. కాగితాలు విప్పకముందే ఆ తల్లికి నేను చెప్పిన మొదటి మాట, "ఇవన్నీ వద్దవ్వా, వకీలుకు వదిలెయ్యమను" అని. ఆమె కోపగించుకోలేదు. "వకీలు మా వాడకు ఎన్నడు రాలే గద బిడ్డా" అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

చట్టం ఏమంటున్నదో చూద్దాం. జైలులో ఉన్న దోషి తన అప్పీలును జైలు అధికారి చేతికి ఇవ్వవచ్చు. ఆ అధికారి దానిని సంబంధిత కోర్టుకు పంపి తీరాలి. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇది 383వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 424వది. అప్పీలుకు అవకాశమున్న తీర్పు ప్రతిని దోషికి ఉచితంగా ఇవ్వాలి. అతడు కోరితే, వీలైనంతవరకు అతని భాషలోనే ఇవ్వాలి. 1987 నాటి న్యాయసేవల ప్రాధికార చట్టం 12వ సెక్షన్ ప్రకారం షెడ్యూల్డు కులాలు, తెగలవారికీ, నిర్బంధంలో ఉన్నవారికీ ఉచిత న్యాయసహాయం హక్కు. కాగితం మీద ఇంతకంటే ఏం కావాలి?

ఆచరణ ఎలా ఉంటుందో 1978 ఆగస్టు 17న హొస్కోట్ కేసులో సుప్రీంకోర్టే చూసింది. ఒక విశ్వవిద్యాలయంలో రీడర్‌గా పనిచేసిన వ్యక్తి, దొంగ డిగ్రీ పత్రాల కేసులో శిక్షపడి, నాలుగేళ్లకు పైగా ఆలస్యంగా సుప్రీంకోర్టు తలుపు తట్టాడు. హైకోర్టు తీర్పు ప్రతి సకాలంలో తన చేతికి అందలేదన్నాడు. తీర్పు ప్రతిని ఖైదీకి ఉచితంగా, సకాలంలో అందించి రాతపూర్వకంగా రశీదు తీసుకోవాలని, స్తోమత లేనివారికి అప్పీలు దశలో కూడా ప్రభుత్వమే న్యాయవాదిని సమకూర్చాలని జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఆదేశించారు. రీడర్ ఉద్యోగం చేసిన వ్యక్తికే తీర్పు కాగితం కోసం అంత తంటా అయితే, ఏడో తరగతి చదివిన పసుపు కూలీ సంగతి ఏమిటి?

ఇక్కడ కులం ఎందుకు అని అడిగేవారు ఉంటారు. చట్టం ముందు ఖైదీ ఖైదీయే కదా అంటారు. జైళ్లు అలా అనుకోలేదు. ఊడ్చే పని ఒక కులానికి, వంట పని మరొక కులానికి కేటాయించే నిబంధనలు స్వతంత్రం వచ్చి ఏడు దశాబ్దాలు దాటాక కూడా పలు రాష్ట్రాల జైలు మాన్యువళ్లలో ఉన్నాయి. పాత్రికేయురాలు సుకన్య శాంత వేసిన పిటిషన్ మీద 2024 అక్టోబర్ 3న సుప్రీంకోర్టు వాటిని కొట్టివేసి, ఖైదీల రిజిస్టర్లలో కులం గడిని తీసివేయమంది. ఎవరు చీపురు పట్టాలో కులాన్ని బట్టి నిర్ణయించిన చోట, ఎవరు కలం పట్టగలరన్నది కులంతో నిమిత్తం లేకుండా తేలి ఉంటుందా? దేశ జనాభాలో ఆరో వంతుగా ఉన్న దళితులు జైళ్లలో సుమారు ఐదో వంతు ఉన్నారు. ఢిల్లీ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం 2016లో ప్రచురించిన మరణశిక్ష నివేదిక, ఉరిశిక్ష పడినవారిలో 74 శాతం మంది ఆర్థికంగా బలహీనులని తేల్చింది. చదువు, భూమి, వకీలు ఫీజు, కోర్టు భాష వీరిలో చాలామందికి తరతరాలుగా అందనివే.

మా జిల్లావాళ్లకు అప్పీలు విలువ వేరే ఎవరూ చెప్పనక్కరలేదు. నిజామాబాద్ జిల్లాలోని అనేక గ్రామాల్లో గ్రామాభివృద్ధి కమిటీల పేరుతో జరిమానాలు, సాంఘిక బహిష్కరణలు విధించిన ఉదంతాలు పత్రికలకెక్కాయి. ఫలానా వాడతో మాట్లాడరాదు, కూలికి పిలవరాదు, కిరాణా సరుకు అమ్మరాదు అని చాటింపు వేస్తారు. ఆ తీర్పుకు కాగితం ఉండదు. కారణాలు ఉండవు. పైకి వెళ్లే దారి ఉండదు. రాజ్యాంగం ఇచ్చిన న్యాయస్థానానికీ అటువంటి పంచాయితీకీ ఉన్న ముఖ్యమైన తేడా ఏమిటంటే, న్యాయస్థానం కారణాలు రాసి, ప్రతి చేతికిచ్చి, తప్పనిపిస్తే పైకి చెప్పుకోమంటుంది. ఖైదీ చేతికి ప్రతి అందకపోతే, అతడు చెప్పుకున్నది ఎవరూ చదవకపోతే, ఆ తేడా ఖైదీ వరకు చెరిగిపోయినట్టే.

తన కేసు తానే వాదించుకోవడాన్ని వీరోచితంగా చూసే అలవాటు మన రాజకీయ సంప్రదాయంలో ఉంది. కుట్రకేసులో కోర్టు ముందుంచిన వాంగ్మూలాన్నే తరిమెల నాగిరెడ్డి ఒక గ్రంథంగా మలిచారు. ఇందూరు ఖిల్లా జైలు గోడల మీద దాశరథి బొగ్గుతో పద్యాలు రాశారని గర్వంగా చెప్పుకునే జిల్లా మాది. కానీ నాయకులు, కవులు మాట్లాడితే వినే జనం బయట ఉన్నారు. హత్య కేసులో శిక్షపడిన కూలీకి బయట ఉన్నది ఒక తల్లి. ఆమెకు చదువు రాదు. అతడు తానే వాదించుకుంటానన్నది వీరత్వంతో కాదు, తన తరఫున మాట్లాడేవారు కనిపించక.

అయితే అతడిని ఒంటరిగా ధర్మాసనం ముందు నిలబెట్టడమే పరిష్కారమా? కాదు. అమెరికాలో క్లారెన్స్ గిడియన్ అనుభవం ఈ విషయంలో చాలా నేర్పుతుంది. 1961లో ఫ్లోరిడాలో, ఒక పూల్ హాలులో చొరబడ్డాడన్న కేసులో, వకీలును ఇమ్మంటే కోర్టు కాదంది. తానే వాదించుకున్నాడు, ఓడిపోయాడు, ఐదేళ్ల శిక్ష పడింది. జైలు కాగితం మీద పెన్సిలుతో సుప్రీంకోర్టుకు అర్జీ రాశాడు. 1963లో ఆ అర్జీ వల్లే తీవ్ర నేరారోపణ ఎదుర్కొనే పేదలందరికీ వకీలు హక్కు వచ్చింది. ఆ తర్వాత జరిగిన పునర్విచారణలో గిడియన్ దూరం నుంచి వచ్చిన న్యాయవాదులను కాదని తన ఊరి వకీలునే కోరుకున్నాడు. ఆ వకీలు ఊరంతా తెలిసినవాడు, సాక్షి సంగతులు స్వయంగా విచారించుకున్నవాడు. గిడియన్ నిర్దోషిగా బయటికి వచ్చాడు. తలుపు తెరిచింది ఖైదీ రాత. బయటికి తెచ్చింది ఆ ఊరు తెలిసిన వకీలు. రెండింటిలో ఏది లేకున్నా గిడియన్ శిక్ష అనుభవించేవాడే.

అదే దేశం 2000లో మార్టినెజ్ కేసులో, అప్పీలు దశలో తన వాదన తానే వినిపించుకునే రాజ్యాంగ హక్కు దోషికి లేదని తేల్చింది. చట్టం తెలియని మనిషి తనకు తానే హాని చేసుకుంటాడన్న భయం ఇటువంటి వాదనల వెనుక ఉంటుంది. ఆ భయం అర్థంలేనిది కాదు. చేసిన వాదన చెడిపోయి శిక్ష ఖాయమైతే అనుభవించేది అతడే. మన చట్టం ఈ విషయంలో కొంత ఉదారంగానే ఉంది. అప్పీలు విచారణలో "అప్పీలుదారును లేదా ఆయన న్యాయవాదిని" వినాలంటుంది. ఆచరణలో మాత్రం ఆ "లేదా" అన్న పదం అప్పీలుదారు నోరు మూసేసింది. న్యాయవాది ఉన్నాడు కాబట్టి ఖైదీని వినక్కరలేదన్న అర్థం స్థిరపడిపోయింది. జైలు నుంచి వచ్చిన అప్పీలును ప్రాథమిక దశలోనే కొట్టివేయాలంటే సాధారణంగా ఖైదీకి చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. కానీ అప్పీలు పసలేనిదని కోర్టు భావించినా, అతడిని కోర్టుకు తీసుకురావడం సందర్భానికి మించిన అసౌకర్యమనిపించినా, ఆ అవకాశం ఇవ్వనక్కరలేదని కూడా చట్టం చెబుతుంది. రిమాండు పొడిగింపునకు వీడియో తెర ముందు ఖైదీని నిలబెట్టగలుగుతున్న ఈ రోజుల్లో, అతని అప్పీలు వినడానికి మాత్రం అసౌకర్యం ఎక్కడి నుంచి వస్తుంది?

కాబట్టి అడగవలసినవి మూడున్నాయి. మొదటిది, శిక్ష విధించిన రోజునే తీర్పు ప్రతితో పాటు దాని తెలుగు అనువాదం ఖైదీ చేతికి చేరాలి. చదవలేనివారికి చదివి వినిపించి, విన్నట్టు రాయించుకోవాలి. 2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ఒక సివిల్ అప్పీలులో తెలుగులో తీర్పు వెలువరించింది. ఆస్తి తగాదాలో సాధ్యమైనది జీవితఖైదు కేసులో అసాధ్యం కాదు. రెండోది, న్యాయసహాయ న్యాయవాది ఖైదీతో ముఖాముఖి మాట్లాడకుండా అప్పీలు కారణాలు దాఖలు చేయరాదు. ఖైదీ సొంత రాత ఉంటే, దానిని అతని భాషలోనే, అనువాదంతో సహా అప్పీలుకు జతచేయాలి. మూడోది, విచారణ రోజున ఖైదీ కోరితే తెర మీద కొద్ది నిమిషాలైనా అతడిని ధర్మాసనం నేరుగా వినాలి. ఇందుకు కొత్త చట్టం అక్కరలేదు. ఉన్న చట్టాన్ని ఖైదీ వైపు నుంచి చదివితే చాలు.

న్యాయశాస్త్ర విద్యార్థులకు ప్రత్యేకంగా ఒక మాట. మీలో చాలామంది మొదటి తరం చదువరులు. రేపు న్యాయసహాయ జాబితాలో మీ పేరు చేరుతుంది, ఒక జైలు అప్పీలు కట్ట మీ బల్ల మీదికి వస్తుంది. అందులో వంకర అక్షరాల కాగితం కనిపిస్తే, నేను మొదట చేసినట్టు దానిని పక్కన పెట్టకండి. తప్పుల నడుమ ఒక్క వాక్యం కోసం వెతకండి. ఆ వాడకు ఒకసారి వెళ్లండి. పగలు కాదు, చీకటి పడ్డాక.

ఆ తల్లి తెచ్చిన కాగితాలను అనువదించి, ఆమె కొడుకు తరఫు న్యాయవాదికి పంపాను. అప్పీలు దశలో కూడా అవసరమనిపిస్తే అదనపు సాక్ష్యం తీసుకునే అధికారం కోర్టుకు ఉంది. ఆ స్తంభానికి దీపం ఎప్పుడు పెట్టారో గ్రామపంచాయతీ దస్త్రాలు చెప్పవచ్చు, చెప్పకపోవచ్చు. అతని మాట అబద్ధమని కూడా తేలవచ్చు. తేలనివ్వండి. అడిగి తేల్చడానికీ అడగకుండా తేల్చడానికీ మధ్య ఒక మనిషి మిగిలిన జీవితమంతా ఉంది.

వారం తర్వాత ఆ తల్లి మళ్లీ వచ్చింది. కల్లంలో పని అయిపోయిందట. "వాళ్లు సదివిండ్రా బిడ్డా?" అని అడిగింది. పంపానని చెప్పాను. ఆమె అడిగింది అది కాదు.