బలం పోయిన వీరుణ్ణి తీయగలవారు

2002లో వచ్చిన ‘స్పైడర్‌మ్యాన్’ను సోనీ సంస్థ సామ్ రైమీ చేతిలో పెట్టినప్పుడు, ఆ పేరు వినగానే సినిమావాళ్లకు మొదట గుర్తొచ్చేది 1981 నాటి ‘ఈవిల్ డెడ్’. అడవిలో ఒక గుడిసె, కొద్దిమంది కుర్రకారు, కొద్దిపాటి డబ్బు, బోలెడంత భయం. అంత పెద్ద పెట్టుబడికి ఆ అర్హత సరిపోతుందా అని ఎవరైనా అనుమానించి ఉంటే అందులో తప్పేమీ లేదు. ఆ ఎంపిక ఎంత సరైనదో రెండేళ్ల తర్వాత, 2004లో వచ్చిన రెండో భాగం చూస్తే తెలుస్తుంది. అందులో పీటర్ పార్కర్‌కు గది అద్దె కట్టడానికి డబ్బులుండవు. పిజ్జాలు చేరవేసే ఉద్యోగం ఊడుతుంది. గాలిలో ఉండగానే చేతి నుంచి దారం రావడం ఆగిపోతుంది. చివరికి తన స్పైడర్‌మ్యాన్ దుస్తులు చెత్తకుప్పలో పడేసి వెళ్లిపోతాడు. మళ్లీ తిరిగొచ్చాక, అదుపు తప్పిన రైలును ఒంటరిగా ఆపి స్పృహ తప్పి పడిపోతాడు. అప్పటికే ముసుగు లేదు. ప్రయాణికులు అతన్ని చేతుల మీదుగా లోపలికి చేర్చి పడుకోబెడతారు. ఇంతవరకూ తమను కాపాడినవాడు తమ పిల్లల ఈడువాడని అప్పుడు చూస్తారు. ఇద్దరు పిల్లలు ముసుగు తెచ్చిచ్చి, ఎవరికీ చెప్పమని మాటిస్తారు. సూపర్‌హీరో సినిమాలన్నింటిలోనూ నాకు అన్నిటికన్నా గొప్పగా తోచే ఘట్టం ఇదే. ఇలాంటి కథకు దర్శకుణ్ణి వెతికేవాళ్లు అడగవలసిన మొదటి ప్రశ్న కూడా ఇందులోనే ఉంది: బలం ఉడిగిపోయిన వీరుణ్ణి ఈ మనిషి ఎలా తీస్తాడు?

సినిమా పరిశ్రమలు అడిగే ప్రశ్నలు వేరు. కిందటి సినిమా ఆడిందా, ఇంత పెద్ద యూనిట్‌ను నడపగలడా, గ్రాఫిక్స్ పని తెలుసా అని చూస్తారు. ఇవి పనికిమాలిన ప్రశ్నలేమీ కావు. కానీ వీటి వెనక ఒక పొరపాటు ఊహ దాగి ఉంది: మనసుకు సంబంధించిన సన్నివేశాలు ఒక శాఖ, పోరాటాలు మరో శాఖ అని. అర్జెంటీనా దర్శకురాలు లుక్రేసియా మార్టెల్ 2018లో చెప్పిన సంగతి దీనికి మంచి సాక్ష్యం. ‘బ్లాక్ విడో’ కోసం మార్వెల్ వాళ్లు ఆమెను సంప్రదించారు. పాత్ర మనోగతాన్ని పట్టుకోగల మహిళా దర్శకురాలు కావాలన్నారు. పోరాట దృశ్యాల గురించి దిగులు పడొద్దు, అవి మేం చూసుకుంటామన్నారు. ఆ మాటే ఆమెకు నచ్చలేదు. పోరాటాలు కూడా తానే తీయాలనుకున్నారు. ఆమె ఆ సినిమా చేయలేదు. రైమీ రైలు ఘట్టాన్ని ఈ పద్ధతిలో పంచి చూడండి. పోరాటం ఎక్కడ ముగిసింది, మనసు ఎక్కడ మొదలైంది? రైలును ఆపడానికి ఒళ్లంతా చీలిపోయేలా పట్టిన ఆ పట్టు లేకపోతే ప్రయాణికుల చేతులకు అర్థం లేదు. ఆ చేతులు లేకపోతే రైలు ఆగడం ఒక విన్యాసం మాత్రమే. రెండూ ఒకే చూపులోంచి రావాలి. అంచేత దర్శకుడి ఎంపిక అంటే అసలు ఆ చూపును ఎంచుకోవడం.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం ఉంది. ఇవి దర్శకుల సినిమాలే కావు, నిర్మాణ సంస్థల సరుకు. చిత్రీకరణకు ముందే పోరాటాలన్నీ కంప్యూటర్ మీద గీసి పెట్టేస్తారు, ఎవరు తీసినా ఒకటే అన్నది ఆ వాదన. ఇది కొంతవరకు నిజం. అయినా ‘థోర్’ సినిమాలను వరసగా చూడండి. అదే సంస్థ, అదే నటుడు క్రిస్ హెమ్స్‌వర్త్, అదే సుత్తి. 2011లో కెనెత్ బ్రానా తీసినప్పుడు అది తండ్రి సింహాసనం కోసం అన్నదమ్ములు పడిన తగువు; షేక్‌స్పియర్ నాటకాల్లో పండిన మనిషి కనుక అందులోని రాజసం ఆయనకు చేతకాని విద్య కాదు. 2013లో అలెన్ టేలర్ తీసిన రెండో భాగంలో చీకటి తప్ప పెద్దగా ఏమీ గుర్తుండదు. 2017లో తైకా వైటీటీ అదే థోర్ సుత్తి విరగ్గొట్టించి, జుట్టు కత్తిరించి, ఎవరికీ తెలియని లోకంలో బందీగా పడేశాడు. బలం పోయాక ఆ దేవుడు ఎంత నవ్విస్తాడో, ఎంత దగ్గరివాడవుతాడో లోకం చూసింది. బ్యాట్‌మ్యాన్ సంగతీ అంతే. జోయెల్ షుమాకర్ 1997లో తీసిన సినిమాకూ క్రిస్టఫర్ నోలన్ 2005లో తీసినదానికీ మూలం ఒకటే, సంస్థ ఒకటే, మధ్యలో గడిచింది ఎనిమిదేళ్లే. ‘మెమెంటో’లో జ్ఞాపకం నిలవని మనిషిని తీసినవాడికి భయంతో పెరిగిన పిల్లవాడి కథ ఇవ్వడంలో ఎవరిదో చాలా తెలివైన ఆలోచన ఉంది.

దీనికన్నా గట్టి అభ్యంతరం మరొకటి. మనిషి మనసును తీయగలవాళ్లను తెచ్చి పెడితే అన్నీ బాగుపడ్డాయా? లేదు. ఆంగ్ లీ 2003లో ‘హల్క్’ తీశారు. ‘క్రౌచింగ్ టైగర్, హిడెన్ డ్రాగన్’ లాంటి సినిమా చేసి వచ్చిన మహా దర్శకుడు ఆయన. తండ్రి నుంచి కొడుక్కు దిగిన కోపం గురించి లోతుగా ఆలోచించారు, తెరను బొమ్మల పుస్తకం గడుల్లా విడగొట్టి చూపించారు. అయినా గాయపడిన మనిషీ, ఆ గాయం నుంచి పుట్టిన ఆకుపచ్చ శరీరమూ ఒకే సినిమాలో ఉన్నట్టు అనిపించదు. 2021లో క్లోయీ జావ్ ‘నోమాడ్‌లాండ్’కు ఆస్కార్ అందుకున్న కొన్ని నెలలకే ‘ఎటర్నల్స్’ వచ్చింది. ‘ద రైడర్’లో గుర్రపు స్వారీ మానుకోవలసి వచ్చిన ఒక్క యువకుడి ముఖం మీద సినిమా అంతా నిలబెట్టిన మనిషి ఆమె. ఆమెకు పదిమంది వీరులనూ, ఏడువేల ఏళ్ల కాలాన్నీ ఇచ్చి రెండున్నర గంటల్లో చెప్పమన్నారు. గాలీ వెలుతురూ ఆమెవే. ఒక్కో ముఖం మీద నిలిచే తీరిక మాత్రం లేకపోయింది. తప్పు దర్శకురాలిని పట్టుకున్నారని అప్పట్లో చాలామంది అన్నారు. నా దృష్టిలో అది తప్పు కథ. ఒంటరిగా తిరిగే ఒకే ఒక్క వీరుడి కథను ఆమెకిచ్చి ఉంటే ఈ చర్చ వేరుగా జరిగేది. సరైన దర్శకుడు అనే మాటకు విడిగా అర్థం లేదు; ఫలానా కథకు సరైన దర్శకుడు అంటేనే అర్థం. అవార్డులను చూసి పేరును తెచ్చుకుని, ఆ పేరుకు కారణమైన గుణం కథలో ఇముడుతుందా లేదా అని చూడకపోవడం నిర్మాతల లోపం.

ఇంకో సంగతి కూడా ఈ వైఫల్యాలే చెబుతాయి. కరుణ ఒక్కటీ చాలదు, కల్పన మీద నమ్మకం కూడా ఉండాలి. ఎగిరే మనిషిని చూసి సిగ్గుపడేవాడు, ఇదంతా పిల్లల వ్యవహారం, నేను దీన్ని పెద్దవాళ్ల స్థాయికి లేపుతానని బయల్దేరేవాడు ఈ పనికి పనికిరాడు. 1978లో రిచర్డ్ డానర్ ‘సూపర్‌మ్యాన్’ తీసినప్పుడు తన చేతికొచ్చిన స్క్రిప్టులోని వెటకారం ఆయనకు మింగుడుపడలేదు; టామ్ మాంకివిచ్‌ను పిలిచి తిరగ రాయించారు. మనిషి ఎగరగలడని ప్రేక్షకుడు నమ్మాలంటే ముందు తీసేవాడు నమ్మాలి. పెంచిన తండ్రి గుండెపోటుతో కూలిపోయినప్పుడు, ఇన్ని శక్తులుండీ ఆయన్ని కాపాడుకోలేకపోయానని సూపర్‌మ్యాన్ అయిన క్లార్క్ సమాధి దగ్గర నిలబడతాడు. ఎగరడం ఎంత నిజమనిపించిందో ఆ నిస్సహాయతా అంత నిజమనిపించింది. నమ్మకం పోతే ఏమవుతుందో మళ్లీ రైమీ సినిమాలే చెబుతాయి. 2007 నాటి మూడో భాగంలోకి వెనమ్ అనే పాత్రను నిర్మాతల ఒత్తిడి మీద తెచ్చారు. పాత్రలన్నింటినీ తాను నమ్మలేకపోయానని రైమీయే తర్వాత ఒప్పుకున్నారు. అదే మనిషి, అదే ప్రతిభ, అదే నటవర్గం; నమ్మకం ఒక్కటే తక్కువైంది, సినిమా చెదిరిపోయింది. ఒకసారి సరిగ్గా కుదిరిన దర్శకుడు అదే వీరుడికి జీవితాంతం సరైనవాడని అనుకోవడం కూడా భ్రమే.

ప్యాటీ జెన్కిన్స్ ఈ లెక్క ముందే గ్రహించినట్టున్నారు. రెండో ‘థోర్’కు మొదట దర్శకురాలు ఆమే. సంస్థ అనుకున్న కథతో తాను మంచి సినిమా తీయలేనని తేలగానే 2011లో తప్పుకున్నారు. 2017లో ‘వండర్ వుమన్’ వచ్చింది. రెండు సైన్యాల నడుమ ఎవరూ అడుగు పెట్టలేని నేలలోకి కథానాయిక డయానా ఒంటరిగా నడిచే ఘట్టాన్ని ఆ సినిమాకు ప్రాణమని ఆమె పట్టుబట్టారు. అక్కడ ఎదురుగా కొట్టాల్సిన విలనెవరూ లేరు కదా అని చుట్టూ ఉన్నవాళ్లకు అర్థం కాలేదు. ఆమె మొదటి సినిమా ‘మాన్‌స్టర్’ ఒక హంతకురాలి కథ. అందులో పనికొచ్చిన చూపే ఇక్కడా పనికొచ్చింది: లోకం ముందే తీర్పు చెప్పేసిన స్త్రీని మళ్లీ మొదటినుంచి చూడడం.

ఎంపికతోనే పని అయిపోదనడానికి రెండు ఉదాహరణలు పక్కపక్కన పెట్టుకోవాలి. జాష్ ట్రాంక్ 2012లో ‘క్రానికల్’ అనే చిన్న సినిమా తీసి అందరి కళ్లలో పడ్డారు. ఆయనకు 2015లో వచ్చిన ‘ఫెంటాస్టిక్ ఫోర్’ ఇచ్చారు. మధ్యలో సంస్థకూ ఆయనకూ చెడింది, సన్నివేశాలు మళ్లీ తీయించారు, విడుదల ముంగిట ఆయనే తన సినిమా ఇది కాదన్నట్టు బహిరంగంగా రాశారు. చిన్న సినిమాలవాళ్లకు పెద్దవి ఇవ్వకూడదనడానికి ఇదే రుజువని చాలామంది చూపిస్తారు. మరి రయాన్ కూగ్లర్? ‘బ్లాక్ పాంథర్’కు ముందు ఆయన తీసినవి రెండే: 2013లో ‘ఫ్రూట్‌వేల్ స్టేషన్’, 2015లో ‘క్రీడ్’. మొదటిది పోలీసు తూటాకు బలైన ఒక నల్లజాతి యువకుడి ఆఖరి రోజు. 2018లో వచ్చిన ‘బ్లాక్ పాంథర్’కు కూగ్లర్ తన మనుషులను వెంట తెచ్చుకున్నారు. ఛాయాగ్రాహకురాలు రేచల్ మారిసన్, కళాదర్శకురాలు హానా బీచ్లర్ ‘ఫ్రూట్‌వేల్ స్టేషన్’ నాటివాళ్లు. సంగీత దర్శకుడు లుడ్విగ్ గోరాన్సన్ ఫిల్మ్ స్కూల్ నాటి స్నేహితుడు; ఈ సినిమా కోసం సెనెగల్ వెళ్లి గాయకుడు బాబా మాల్ వెంట తిరిగి అక్కడి వాద్యాలు విన్నారు. బీచ్లర్, గోరాన్సన్, దుస్తులు రూపొందించిన రూత్ కార్టర్ ముగ్గురికీ 2019లో ఆస్కార్లు వచ్చాయి. సినిమాలో అన్నిటికన్నా గొప్ప దృశ్యం మాత్రం కల్పిత రాజ్యం వకాండా వైభవం కాదు, ఓక్లండ్‌లోని ఒక చిన్న అపార్ట్‌మెంట్. చనిపోయిన తండ్రి ఎదుట విలన్ కిల్‌మాంగర్ మళ్లీ పసివాడై కూర్చుంటాడు. కూగ్లర్ పుట్టిన ఊరూ ఓక్లండే. ఆ గదిని ఆయన కాక మరొకరు తీసి ఉంటే అది సెట్టింగ్‌గానే మిగిలేది.

మన దగ్గర ఈ విషయం తెలిసినవాళ్లు ఒకప్పుడు ఉన్నారు. 1947లో ‘యోగి వేమన’ తీసిన కె.వి.రెడ్డికి నిర్మాతలు నాగిరెడ్డి, చక్రపాణి 1951లో వచ్చిన ‘పాతాళభైరవి’ని అప్పగించారు. అన్నీ వదులుకున్న మనిషి కథ తీసిన చేతికి, అడిగిందల్లా ఇచ్చే శక్తి కథ. తోటరాముడు తోటమాలి కొడుకు. శక్తి ప్రతిమ చేజారి, మేడా రాకుమారీ మాయమయ్యాక మళ్లీ ఒట్టి చేతులతో, అంజిగాణ్ణి తోడు తీసుకుని బయల్దేరతాడు. వాటిని కాజేసిన మాంత్రికుణ్ణి గెలిచేది యుక్తితో. 1957 నాటి ‘మాయాబజార్’లో పాండవులు తెర మీదకే రారు. ఘటోత్కచుడి మాయలన్నీ ఒక పెళ్లి ఇంటి గొడవ చుట్టూ తిరుగుతాయి. అద్భుతాన్ని ఇంటి మనుషుల కొలతకు తెచ్చే ఆ విద్య మనకు పరాయిది కాదు.

ఇప్పటి తెలుగు సినిమాకు వచ్చిన చిక్కు వేరు. పేరున్న ప్రతి హీరో ముసుగూ శక్తీ లేకుండానే నూరుమందిని కొడుతున్నాడు. అలాంటి హీరోకు వరం ఇస్తే కొత్తగా ఒరిగేదేమిటి? బలం లేని క్షణం తీద్దామంటే అభిమానులు ఒప్పుకోరని భయం. 2024 సంక్రాంతికి వచ్చిన ‘హనుమాన్’ ఈ చిక్కును దాటగలగడానికి కారణం ప్రశాంత్ వర్మ ఎంచుకున్న మనిషి. తేజ సజ్జా పోషించిన హనుమంతు చిల్లర దొంగ, అక్క చాటు తమ్ముడు. అతనికి దొరికిన మణి ఇచ్చే శక్తి సూర్యుడి వెలుగులోనే పనిచేస్తుంది. చీకటి పడితే పాత హనుమంతే. 2018లో ‘అ!’ తీసినప్పుడే ఒక మనిషి లోపలి చీకటిని కల్పనతో చూపించే నేర్పు ప్రశాంత్ వర్మకు ఉందని తెలిసింది. చివరి భాగం దైవదర్శనానికి ఒదిగిపోయినప్పుడు హనుమంతు కొంత చిన్నబోయాడనే నా అభిప్రాయం, కానీ అతని ఊరు అంజనాద్రి మాత్రం నిలిచింది. మలయాళంలో బాసిల్ జోసెఫ్ ‘మిన్నల్ మురళి’ని 2021లో ఒక దర్జీ కుర్రాడి మీదా, ప్రేమకోసం తపించే ఒక టీకొట్టు పనివాడి మీదా నడిపారు; అంతకు ముందు ఆయన తీసినవి పల్లెటూరి హాస్యాలు. ఆ టీకొట్టు షిబును చూసి జాలిపడకుండా ఉండడం కష్టం, అతనే విలన్ అయినా. 2025లో వచ్చిన ‘లోకా’ను అంతకు ముందు ‘తరంగం’ ఒక్కటే తీసిన డొమినిక్ అరుణ్‌కు అప్పగించారు. కేరళ జనం చెప్పుకునే కళ్లియంకాట్టు నీలి కథ నుంచి ఒక వీరురాలు పుట్టింది.

పెద్ద సినిమా తీసిన అనుభవం లేనివాడికి అన్ని కోట్లు ఎలా ఇస్తామని తెలుగు నిర్మాత అడిగితే అది న్యాయమైన భయమే. అనుభవాన్ని పక్కన చేర్చవచ్చు; గ్రాఫిక్స్ పర్యవేక్షకుడినీ ఫైట్ మాస్టర్‌నూ డబ్బుతో తెచ్చుకోవచ్చు. చూపును అలా తెచ్చుకోలేం. కనుక కొత్త దర్శకుడితో మాట్లాడే మొదటి రోజే గ్రాఫిక్స్ షాట్లు ఎన్ని అన్న ప్రశ్నకు ముందు, వీరుడు ఓడిపోయిన సన్నివేశం రాసి చూపించమనాలి. అది నచ్చితే కెమెరామన్‌నూ రచయితనూ ఎడిటర్‌నూ అతనే ఎంచుకునేలా ఒప్పందంలో రాయాలి. హీరో ఇమేజ్ కోసం ఆ సన్నివేశాన్ని ఎడిటింగ్ గదిలో కత్తిరించే హక్కు ఎవరికీ ఉండదని కూడా అందులోనే రాయాలి.