పాత మైకుసెట్టు కొనేముందు



కొండపల్లి బొమ్మను కొనేవారు రంగు చూసి ముచ్చటపడతారు. చేసేవారు మాత్రం తెల్లపొణికి కర్ర బాగా ఆరిందో లేదో ముందు చూసుకుంటారు. పాత యాంప్లిఫయరు కొనబోయే సంఘపెద్దలకు ఈ రెండో చూపు కావాలి.

మాకు అది లేకపోయింది. స్త్రీల సమాజం వారు పిడికెడు బియ్యం చొప్పున తీసిపెట్టి కూడబెట్టిన సొమ్ముతో బెజవాడలో ఒక పాత సెట్టు కొన్నాం. దుకాణంలో అయిదు నిమిషాలు పాట వినిపించారు. పెట్టె తళతళలాడుతోంది. తెచ్చేశాం. క్రిస్మస్ ముందురాత్రి ఆరాధన మొదలైన అరగంటకే కాలిన వాసన వచ్చి అది మూగబోయింది.

కాబట్టి మీరు వెళ్లేటప్పుడు మీ మైకు, మీ హారన్, తెలిసిన మెకానిక్కును వెంట తీసుకెళ్లండి. కరెంటు పెట్టకముందే మూత తీయించి చూడండి. లోపల చేయి పెట్టకండి. ఫ్యూజు బదులు రాగితీగ చుట్టి ఉన్నా, కండెన్సర్లు ఉబ్బి ఉన్నా అనుమానించాలి. తరువాత 100 వాట్ల బల్బును సీరీస్‌లో పెట్టించి కరెంటు ఇప్పించండి. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే మంచిది. నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల షార్టు ఉన్నట్లే.

ఇది దాటితే నేరుగా కరెంటు ఇచ్చి, వాల్యూములన్నీ సున్నాకు తెచ్చి వినండి. గుయ్‌మని హోరు గట్టిగా వస్తే ఫిల్టరు కండెన్సర్లు ఎండిపోయి ఉండవచ్చు. మరలు తిప్పుతున్నప్పుడు కరకరమంటే చాలాసార్లు అది దుమ్మే, కొద్ది ఖర్చుతో పోతుంది. మైకు పెట్టే ప్రతి చోటా మాట్లాడి చూడండి. 12 వోల్టుల బ్యాటరీతో నడిచే సెట్టయితే అలా కూడా నడిపించండి.

హారన్ యూనిట్ మీద 16 ఓమ్స్ అని ఉంటే వైరు 16 దగ్గరే బిగించాలి. అలాంటివి రెండు ప్యారలల్‌గా కలిపితే 8 ఓమ్స్ అవుతుంది. ఈ లెక్క చూడకుండా హారన్లు పెంచుకుంటూపోతే మంచి సెట్టు కూడా కాలిపోతుంది. అన్నీ కలిపాక గంటసేపు పాడించండి. మేము చేయనిది ఈ ఒక్క గంటే.

ఇక ప్రాణానికి సంబంధించిన మాట. పెట్టె ఇనుముకు టెస్టరు ఆనిస్తే వెలిగిందా, బాగుచేయించకుండా కొనకండి. మందిరంలో మూడుపిన్నుల ప్లగ్గు, సరైన ఎర్తు తప్పక ఉండాలి. తడిచేత్తో మైకు పట్టుకునేది మీ బిడ్డే కావచ్చు.

పెద్ద సెట్టు కోసం ఆశపడవద్దు. 2000లో మద్రాసులోని ఒక సంఘం కేసులో సుప్రీంకోర్టు, ఇరుగుపొరుగు శాంతిని చెడగొట్టేలా మైకు పెట్టమని ఏ మతమూ చెప్పలేదని తీర్పిచ్చింది. రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు బయట మైకు వేయకూడదన్నది కూడా ఆ ఏడాది వచ్చిన నిబంధనే.

మా పాడైన సెట్టు సంగతి చెప్పాలి. కాస్త అతుకువేయించి పక్క ఊరి చిన్న సంఘానికి అమ్మేద్దామని కమిటీలో ఒకరన్నారు. చాలామంది తల ఊపారు, నేను కూడా. అప్పుడు బియ్యం డబ్బు పోగుచేసిన మామ్మగారు లేచి, "అయ్యగారూ, ఆ ఊళ్లో ఆడవాళ్లు కూడా పిడికెడు బియ్యమే తీస్తారండీ" అని కూర్చున్నారు.

ఆ సెట్టును, లోపం చెప్పి, విడిభాగాల కింద ఒక మెకానిక్కుకు ఇచ్చేశాం. వచ్చింది కొద్ది డబ్బే. దొంగ త్రాసు దేవునికి అసహ్యమని సామెతల గ్రంథంలో ఎన్నోసార్లు చదివాం. అది దుకాణదారుడికే కాదు, అమ్మే మనకు కూడా రాసిందని ఆ రోజు తెలిసింది.