ఆగస్టు 23న ప్రతి హైస్కూలు మైదానంలోంచి ఒక రాకెట్ లేవాలి

తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు, స్కూలు కమిటీ సభ్యులకు, సర్పంచులకు, వార్డు కౌన్సిలర్లకు విజ్ఞప్తి

2023 ఆగస్టు 23 సాయంత్రం చంద్రయాన్-3 లాండర్ చంద్రుడి దక్షిణ ధ్రువ ప్రాంతంలో దిగింది. ఆ తేదీని కేంద్ర ప్రభుత్వం జాతీయ అంతరిక్ష దినోత్సవంగా ప్రకటించింది. ఆ రోజు మన బడుల్లో ఏం జరుగుతుందో మీకు తెలుసు. వ్యాసరచన పోటీ, వక్తృత్వం, క్విజ్, మధ్యాహ్నం ఒక వీడియో. బల్లమీద థర్మోకోల్‌తో చేసి వెండిరంగు వేసిన రాకెట్ బొమ్మ. ఆ బొమ్మ చేసిన పిల్లల కష్టాన్ని మేము తక్కువ చేయడం లేదు. కానీ ఎగరని రాకెట్ పిల్లలకు రాకెట్ గురించి నేర్పేది చాలా తక్కువ. అది ఎందుకు లేస్తుందో, ఎందుకు వంకర పోతుందో, ఎందుకు పడిపోతుందో బొమ్మను చూస్తే తెలియదు.

అందుకే మేము కోరేది ఇదీ: ఇకనుంచి ప్రతి ఆగస్టు 23న, ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఉన్న ప్రతి హైస్కూలులో, ప్రభుత్వ బడి అయినా ప్రైవేటు బడి అయినా, పిల్లలు తమ చేతులతో చేసిన నీటి రాకెట్‌ను తామే పైకి వదలాలి. దాన్ని నడిపేది నీళ్ళూ గాలీ మాత్రమే. అందులో మందు ఉండదు, నిప్పు ఉండదు.

కావలసిన సామాను ఊళ్ళోనే దొరుకుతుంది. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా. దాని మూతికి బిగుతుగా పట్టే రబ్బరు బిరడా. సైన్సు ల్యాబులో ఒంటి రంధ్రం ఉన్న బిరడాలు ఉంటాయి. ఆ రంధ్రంలోకి సైకిల్ ట్యూబు వాల్వు. రెక్కలకు గట్టి అట్ట, ముక్కుకు చుట్టిన కాగితమో పాత స్పాంజి బంతో, అతికించడానికి టేపు. సైకిల్ షాపులో అడిగితే పంపు ఒక పూటకు ఇస్తారు. సీసాలో మూడో వంతు నీళ్ళు పోసి, బిరడా బిగించి, నేలలో పాతిన మూడు వెదురు బద్దల మధ్య తలకిందులుగా నిలబెట్టాలి. రెక్కలు బద్దల సందుల్లోకి రావాలి. దూరం నుంచి పంపు కొడుతుంటే లోపల గాలి ఒత్తిడి పెరుగుతుంది. బిరడా ఇక పట్టలేనప్పుడు ఊడిపోతుంది. గాలి నీళ్ళను కిందికి తోస్తుంది, నీళ్ళు సీసాను పైకి తోస్తాయి. సరిగా చేసిన సీసా మూడు నాలుగు అంతస్తుల మేడను సులువుగా దాటుతుంది.

9వ తరగతి పిల్లలు న్యూటన్ మూడో గమన నియమాన్ని కంఠతా పడతారు. చర్య, ప్రతిచర్య అని రాసి మార్కులు తెచ్చుకుంటారు. ఆ నియమం తలమీద నీళ్ళు చిమ్ముతూ పైకి పోవడం చూసిన పిల్లకు దాన్ని మళ్ళీ బట్టీ పట్టవలసిన పని ఉండదు.

అసలు చదువు ఆ తరువాత మొదలవుతుంది. మొదటి రాకెట్ చాలాసార్లు గాలిలో పల్టీలు కొడుతుంది. ఎందుకు? పిల్లలే వెతకాలి. సీసాకు నడుమ దారం కట్టి, అది అడ్డంగా సమంగా నిలిచే చోటు చూడమనండి. అది గరిమనాభి. ఇప్పుడు ఆ దారం పట్టుకుని తలచుట్టూ తిప్పమనండి. ముక్కు ముందుకు ఉండి తిరిగితే ఆ రాకెట్ నిటారుగా పోతుంది. తోక ముందుకు వచ్చినా, అడ్డదిడ్డంగా ఊగినా ముక్కులో కాస్త బరువు పెట్టాలి, లేదా రెక్కలు పెద్దవి చేసి ఇంకా వెనక్కి జరపాలి. దీపావళికి మనం వదిలే తారాజువ్వకు పొడవాటి పుల్ల ఎందుకు ఉంటుందో అప్పుడు వాళ్ళకే అర్థమవుతుంది. పుల్ల విరిగిన జువ్వ ఎవరింట్లోకి దూరుతుందో తెలియదని ప్రతి అమ్మా హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరిక వెనక ఉన్న భౌతికశాస్త్రం ఇదే.

తరువాతి ప్రశ్న నీళ్ళ కొలత. మూడో వంతే ఎందుకు? సగం పోస్తే? పావు వంతు పోస్తే? నీళ్ళు ఎక్కువైతే సీసా బరువెక్కుతుంది, పైగా ఒత్తిడిని దాచుకునే గాలికి చోటు తగ్గుతుంది. తక్కువైతే కిందికి తోయడానికి సరుకు చాలదు. ఈ రెంటి మధ్య ఎక్కడో మంచి కొలత ఉంది. దాన్ని పుస్తకంలోంచి చెప్పేయకండి. నాలుగు జట్లు నాలుగు కొలతలతో వదిలి, ఎత్తులు రాసుకుని గ్రాఫు గీస్తే ఆ గీత చెబుతుంది.

ఎత్తు కొలవడానికి యంత్రం అక్కరలేదు. కోణమానిని మధ్యనుంచి దారం వేలాడదీసి, చివర చిన్న రాయి కడితే చాలు. రాకెట్ నిలబెట్టిన చోటునుంచి 30 మీటర్లు కొలిచి అక్కడ నిలబడి, రాకెట్ పైకొసకు చేరినప్పుడు కోణం చూడాలి. 45 డిగ్రీలు వస్తే అది 30 మీటర్ల ఎత్తుకు వెళ్ళింది. చూసిన పిల్ల కంటి ఎత్తును దానికి కలపాలి. 30 డిగ్రీలైతే 17 మీటర్ల పైచిలుకు. 10వ తరగతి గణితంలో త్రికోణమితి అనువర్తనాల పాఠం ఉంది. దీపస్తంభం, ఓడ, గుడి గోపురం అంటూ ఏళ్ళ తరబడి అవే లెక్కలు చేయిస్తున్నాం. తమ రాకెట్ పక్క సెక్షను రాకెట్ కన్నా ఎంత ఎత్తుకు పోయిందో తేల్చడానికి టాన్ విలువలు వెతుక్కునే పిల్లలను ఒక్కసారి చూడండి, ఆ పాఠం ఎందుకు ఉందో పెద్దవాళ్ళకూ గుర్తొస్తుంది.

ఇప్పుడు భయం సంగతి. ఈ మాట ఎత్తగానే ప్రధానోపాధ్యాయులు అడిగే మొదటి ప్రశ్న, ఏమైనా అయితే ఎవరిది బాధ్యత అని. అది న్యాయమైన ప్రశ్న. నీటి రాకెట్‌కు కూడా దెబ్బ తగిలించే శక్తి ఉంది, కాబట్టి నియమాలు కచ్చితంగా ఉండాలి. కూల్‌డ్రింక్ సీసా తప్ప గాజు సీసా, ఇనుప డబ్బా, పలచటి మంచినీళ్ళ సీసా వాడకూడదు. గీతలు, నొక్కులు పడ్డ సీసాను పారేయాలి. సీసామీద వేడి జిగురు వాడకూడదు, వేడికి ప్లాస్టిక్ బలహీనపడుతుంది. పంపుకు ఒత్తిడి చూపే గేజీ ఉండాలి, చదరపు అంగుళానికి 50 పౌండ్లు దాటకూడదు. పంపుకీ వాల్వుకీ మధ్య కనీసం 5 మీటర్ల గొట్టం ఉండాలి. చూసేవాళ్ళు 15 మీటర్ల అవతల ఉండాలి. పంపు కొట్టేవాళ్ళకు కళ్ళద్దాలు తప్పనిసరి. అన్నిటికన్నా ముఖ్యమైనది మరొకటి: బిరడా ఏ క్షణాన ఊడుతుందో చెప్పలేం. అందుకని పంపు కొట్టడం మొదలయ్యాక, లేవడం లేదేమిటా అని సీసా దగ్గరికి ఎవరూ వెళ్ళి వంగి చూడకూడదు. వాల్వులోంచి గాలి తీసేయడం కూడా గొట్టం ఇవతలి చివరనుంచే జరగాలి. ఆకాశంలో ఉరుములుంటే ఆ రోజు ఆపేసి మర్నాడు పెట్టుకోవాలి.

మనం నిజంగా భయపడవలసింది బడి బయట జరిగేవాటికి. ఫోనులో వీడియోలు చూసి పిల్లలు అగ్గిపుల్లల మందు గీకి గొట్టాల్లో కూరుతున్నారు. పేలని టపాకాయలు విప్పి మందు పోగుచేస్తున్నారు. ఇది ప్రాణాంతకం. పేలుడు పదార్థాల చట్టం 1884 నుంచీ ఉంది, లైసెన్సు లేకుండా మందు తయారుచేయడం నేరం. కానీ చట్టం పేరు చెప్పి పన్నెండేళ్ళ పిల్లవాడి కుతూహలాన్ని ఆపలేం. అమెరికాకు ఇది అనుభవమే. 1957 అక్టోబరు 4న సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను పంపాక అక్కడి కుర్రాళ్ళు ఇళ్ళలో రసాయనాలు కలిపి రాకెట్లు చేయబోయి గాయపడ్డారు, కొందరు చనిపోయారు. ఆ ప్రమాదాన్ని తప్పించే దారి చూపినవాళ్ళలో ఒకరు నెబ్రాస్కా రాష్ట్రంలో చెప్పుల దుకాణం నడిపిన ఆర్విల్ కార్లైల్, మరొకరు వైట్ శాండ్స్ క్షిపణి కేంద్రంలో పనిచేసిన హారీ స్టైన్. పిల్లలు మందు ముట్టకూడదు, ఫ్యాక్టరీలో తయారైన చిన్న మోటారును కాగితపు రాకెట్‌లో పెట్టి దూరంనుంచి కరెంటుతో అంటించాలి అన్నది వాళ్ళ పద్ధతి. పిల్లలను రాకెట్లకు దూరంగా నెట్టకుండా ప్రమాదాన్ని మాత్రమే దూరం పెట్టారు. ఆ మోటార్లు మన పల్లెల్లో దొరకవు, మనకు అవి అవసరమూ లేదు. మన దగ్గర సైకిల్ పంపు ఉంది.

సిలబస్ పూర్తికాదు అనేవాళ్ళకు ఒక మాట. 2020 జాతీయ విద్యా విధానం 6 నుంచి 8 తరగతుల పిల్లలకు 10 రోజులు పుస్తకాల సంచి లేని చదువు ఉండాలని చెప్పింది. అందులో రెండు రోజులు చాలు, ఒకటి చేయడానికి, ఒకటి వదలడానికి. ప్రాజెక్టు పనికి మార్కులు ఎలాగూ ఉన్నాయి. ఇప్పుడు చాలాచోట్ల ఆ ప్రాజెక్టులు నెట్ సెంటరులో ప్రింటు తీసి అట్ట వేయించినవే. ఆ మార్కులను రాకెట్ నోటుపుస్తకానికి ఇవ్వండి: ఎన్ని నీళ్ళు, ఎంత ఒత్తిడి, ఎంత కోణం, ఏం చెడిపోయింది, ఎందుకు చెడిపోయింది.

ఆ చివరి రెండు ప్రశ్నలకే ఎక్కువ మార్కులు వేయాలని మా అభిప్రాయం. ఎందుకో మన రాకెట్ల చరిత్రే చెబుతుంది. రాకెట్లు లేచే శ్రీహరికోట మన తిరుపతి జిల్లాలో ఉంది. 1971 అక్టోబరు 9న అక్కడినుంచి లేచిన మొదటిది రోహిణి-125 అనే చిన్న రాకెట్, ఉపగ్రహాలను మోసే స్థాయికి చాలా దూరం. 1979 ఆగస్టు 10న ఎస్‌ఎల్‌వి-3 రాకెట్ మొదటి ప్రయోగం విఫలమై బంగాళాఖాతంలో పడింది. అబ్దుల్ కలాం ప్రాజెక్టు డైరెక్టరుగా ఉన్న ఆ బృందం తప్పు వెతికి సరిచేసి, మరుసటి ఏడాది జూలై 18న రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. 2022 నవంబరు 18న హైదరాబాదులోని స్కైరూట్ సంస్థ విక్రమ్-ఎస్ రాకెట్‌ను అదే శ్రీహరికోట నుంచి 89.5 కిలోమీటర్ల ఎత్తుకు పంపింది. ఈ చరిత్ర మన నేలమీద జరిగింది. పల్టీ కొట్టిన సీసాను తిరిగి తెచ్చుకుని రెక్క మార్చే పిల్లలు ఆ వరుసలోని వాళ్ళే.

ఆడపిల్లల గురించి విడిగా చెప్పాలి. బడిలో ఏ కార్యక్రమమైనా స్వాగతగీతం, ముగ్గులు, అతిథికి పూలు ఆడపిల్లల వంతు, పనిముట్లు మగపిల్లల వంతు. రాకెట్ రోజున ఇలా జరగకూడదు. ప్రతి జట్టులోనూ పంపు కొట్టే పని, కోణం చూసే పని, గొట్టం బిగించే పని వంతులవారీగా తిరగాలి. దీన్ని జట్టు నిర్ణయానికి వదిలేస్తే పంపు ఎవరి చేతిలో ఉంటుందో మనకు తెలుసు, కాబట్టి ఉపాధ్యాయులే వంతులు వేయాలి.

రెండు రాష్ట్రాల విద్యాశాఖలను మేము కోరుతున్నది ఒక్క ఉత్తర్వు. ఆగస్టు 23న నీటి రాకెట్ ప్రయోగాన్ని కార్యక్రమంలో చేర్చాలి. పైన చెప్పిన జాగ్రత్తలను అందులోనే ముద్రించాలి. వాటిని పాటించిన ఉపాధ్యాయులకు శాఖ అండగా ఉంటుందని రాతపూర్వకంగా చెప్పాలి. అటల్ టింకరింగ్ ల్యాబులున్న బడులు చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులకు ఒక పూట శిక్షణ ఇవ్వాలి. ఇంజనీరింగ్ కాలేజీల విద్యార్థులు ఆ రోజు తాము చదువుకున్న బడికి వెళ్ళి నిలబడాలి. పంచాయతీలు మైదానం శుభ్రం చేయించి, ఒక గేజీ పంపు, కొన్ని కళ్ళద్దాలు కొనిపెడితే అవి ఏళ్ళ తరబడి ఉంటాయి.

ఉత్తర్వు వచ్చేదాకా ఆగనక్కరలేదు. ఈ కాగితం పట్టుకుని ఈ వారమే మీ పిల్లల బడికి వెళ్ళండి. సైన్సు టీచరునూ ప్రధానోపాధ్యాయులనూ కలిసి, ఆగస్టు 23న మన పిల్లలు ఎన్ని గంటలకు రాకెట్ వదులుతారని అడగండి. సాయం కావాలంటే పంపు కొట్టే గొట్టం పట్టుకోవడానికి మీరే వస్తామని చెప్పండి.