ట్రాలీ లాగే ట్రాక్టర్‌కు అదనపు మీటర్లు: ఏవి బిగించాలి, ఏవి అక్కర్లేదు

2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్లపై జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. కొత్త బండి కొనేవారికి ఇది ఊరటే. కానీ అందరూ కొనలేరు. చాలా ఊళ్లలో ధాన్యం, పత్తి, చెరకు మోస్తున్నవి ఇప్పటికీ పదేళ్లు దాటిన ట్రాక్టర్లే. వాటిలో చాలా బండ్లకు డ్యాష్‌బోర్డు మీటర్లు ఏనాడో పనిచేయడం మానేశాయి. కోతల సీజన్‌లో ఇంజను పట్టేస్తే బోరు పనికి ఖర్చు, పైగా కిరాయి నష్టం. అందుకే బయట దొరికే మీటర్లలో ఏవి కొనాలో ముందే తెలుసుకోవాలి.

తోలకంలో ఇంజనుపై భారం ఎందుకు ఎక్కువ?

దుక్కిలో నేల గట్టిగా తగిలితే హైడ్రాలిక్ వ్యవస్థ నాగలిని కొంచెం పైకి లేపి ఇంజనుకు ఊరటనిస్తుంది. ట్రాలీకి ఆ వెసులుబాటు లేదు. వంతెన ఎక్కేటప్పుడు బరువంతా ఇంజనే లాగాలి. దానికితోడు కోతల్లో ఎగిరే పొట్టు, దుమ్ము రేడియేటర్ జాలీని మూసేస్తాయి. గాలి ఆడక నీళ్లు వేడెక్కుతాయి.

మొదటిది: ఆయిల్ ప్రెజర్ మీటర్

రెండు మీటర్లకే డబ్బు ఉంటే మొదట ఇది కొనండి. ఇంజను వేడెక్కాక పని వేగంలో చాలా ట్రాక్టర్లలో ప్రెజర్ 2 నుంచి 4 బార్ల మధ్య, ఐడిల్‌లో సుమారు 1 బారు ఉంటుంది. మీ మోడల్‌కు కంపెనీ పుస్తకంలో ఉన్న అంకే ప్రమాణం. రోడ్డు చూస్తూ నడిపేవారు ముల్లును ఎప్పుడూ గమనించలేరు కాబట్టి, ప్రెజర్ పడితే మోగే బజర్ కూడా పెట్టించండి.

రెండోది: టెంపరేచర్ మీటర్

రంగులు మాత్రమే ఉన్నది కాకుండా 40 నుంచి 120 డిగ్రీల వరకు అంకెలున్నది తీసుకోండి. సాధారణంగా ముల్లు 80-95 మధ్య నిలుస్తుంది. అదే దారిలో, అదే బరువుతో రోజూ 85 చూపే ముల్లు ఇవాళ 92కు చేరితే జాలీ మూసుకుందేమో, ఫ్యాన్ బెల్టు వదులైందేమో చూడాలి. రంగుల మీటర్‌లో ఈ తేడా తెలియదు.

ఒక జాగ్రత్త. నీళ్లు పూర్తిగా కారిపోతే సెన్సర్ ఆవిరిలో ఉండిపోయి, ఇంజను మాడుతున్నా ముల్లు తక్కువే చూపవచ్చు. అందుకే మీటర్ ఉన్నా ఉదయం ఇంజను చల్లగా ఉన్నప్పుడు నీళ్లు చూడటం మానవద్దు.

మెకానికల్‌దా, కరెంటుదా?

మెకానికల్ మీటర్‌కు బ్యాటరీ అక్కర్లేదు. అయితే ఆయిల్ మీటర్ గొట్టం ఒరుసుకుని తెగితే వేడి ఆయిల్ చిమ్ముతుంది. టెంపరేచర్ మీటర్ సన్న గొట్టం తెగినా, బాగా నలిగినా మీటర్ మార్చాల్సిందే. కరెంటు మీటర్ బిగించడం తేలిక. కానీ మీటరు, సెన్సరు ఒకే జతగా కొనాలి. వేర్వేరు రకాలవి కలిపితే తప్పు అంకె చూపుతాయి. ఒకే వైరున్న సెన్సర్ మరకు టేపు చుట్టవద్దు, ఎర్త్ సరిగా అందదు.

మిగతావి ఎవరికి అవసరం?

రాత్రి తోలకం చేసేవారికి వోల్టు మీటర్ ఉపయోగం. ఇంజను నడుస్తుంటే సుమారు 14 వోల్టులు ఉండాలి. 12.5 దాటకపోతే ఛార్జింగ్ అందడం లేదని అర్థం.

పొగగొట్టం వేడి చూపే మీటర్, బూస్ట్ మీటర్ టర్బో ఉన్న ఇంజన్లకే ఆలోచించాలి. టర్బో లేని ఇంజనుకు బూస్ట్ మీటర్ పనికిరాదు. పొగ వేడి కొలిచే సెన్సర్‌ను టర్బోకు ముందు మానిఫోల్డ్‌లో పెడతారు. టర్బో విప్పకుండా రంధ్రం వేస్తే ఇనుప రజను లోపలికి వెళ్లి చక్రాన్ని పాడుచేస్తుంది.

కొత్త ట్రాక్టర్లు ఉన్నవారికి

50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరి 1 నుంచి ట్రెమ్-4 ఉద్గార నిబంధనలు అమలవుతున్నాయి. ఈ బండ్లలో ఇంధనాన్ని ఈసీయూ అనే కంప్యూటర్ నియంత్రిస్తుంది. దాని సెన్సర్ వైర్లను కోసి బయటి మీటర్‌కు కలపవద్దు. ఈసీయూకు తప్పుడు సంకేతం వెళ్తుంది, వారంటీకీ చిక్కు వస్తుంది. ఏదైనా అదనంగా కావాలంటే డీలర్ వర్క్‌షాపులోనే అడగండి.

ముల్లు ప్రమాదం చూపితే

ఆయిల్ ప్రెజర్ పడితే: బండిని పక్కకు తీసి ఇంజను వెంటనే ఆపండి. మిల్లు దగ్గర్లోనే ఉంది కదా అని నడపవద్దు.

వేడి పెరిగితే: నీళ్లు కారకుండా ఉంటే బండి ఆపి, ఇంజనును కొన్ని నిమిషాలు ఐడిల్‌లో నడవనిచ్చి ఆపండి. ఒక్కసారిగా ఆపితే నీటి ప్రసరణ ఆగి హెడ్ ఇంకా వేడెక్కుతుంది. నీళ్లు కారిపోతుంటే మాత్రం వెంటనే ఆపాలి. వేడి మీద రేడియేటర్ మూత తీయవద్దు, చన్నీళ్లు పోయవద్దు. హెడ్ పగిలే ప్రమాదం ఉంది.

చివరగా, మీటర్లు ఇంజను పరిస్థితిని చెబుతాయే తప్ప బండి మోసే శక్తిని పెంచవు. ముల్లు మామూలుగానే ఉందని మరో పది బస్తాలు వేస్తే బ్రేకులు, టైర్లు, హుక్కు ఆ బరువును తట్టుకోలేకపోవచ్చు, వాటి సంగతి ఏ మీటరూ చెప్పదు. కోతలు మొదలవకముందే కంపెనీ పుస్తకంతో మెకానిక్ దగ్గరకు వెళ్లండి. మీటర్లు బిగించాక మీ బండి మామూలు అంకెలను డ్యాష్‌బోర్డు మీదే రాసి పెట్టండి. డ్రైవర్ మారినా ఎవరైనా చూసి పోల్చుకోగలరు.