మన ఫోటోకి వాళ్ళ తాళం!

"పాత ఫోటోలు తెరుచుకోవట్లేదా? తప్పు నీదే, ఎప్పుడో జేపెగ్‌లోకి మార్చుకోవాల్సింది" అని తేలిగ్గా అనేస్తుంటారు మన సాఫ్ట్‌వేర్ జనాలు. ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. (నేనూ ఆ జనాల్లోవాణ్ణే లెండి :))

కొడాక్ ఫోటో సీడీ సంగతే తీసుకోండి. 1992లో మార్కెట్లోకొచ్చింది. ఫిల్ము రోలు ఇస్తే స్కాన్ చేసి సీడీలో పెట్టిచ్చేవాళ్ళు. పీసీడీ ఫైలు ఒక్కోదాంట్లో ఒకే బొమ్మ ఐదు సైజుల్లో ఉంటుంది, 192×128 నుంచి 3072×2048 దాకా. ఆ రోజులకి గొప్ప విషయమే, కాదనను. కానీ ఫార్మాట్ లోపలి వివరాలు మాత్రం కంపెనీ బయటపెట్టలేదు. బయటి ప్రోగ్రామర్లు బైట్లు తవ్వి తెలుసుకోవాల్సొచ్చింది. ఆ కొడాక్కే 2012 జనవరిలో దివాలా రక్షణ కోరింది.

అసలు మోసం ఇక్కడుంది. కొన్ని ప్రోగ్రాములు పీసీడీని తెరుస్తాయి, కానీ మనం ప్రత్యేకంగా అడక్కపోతే 768×512 సైజే ఇస్తాయి. అంటే ఉన్న పిక్సెళ్ళలో పదహారో వంతు! రంగుల లెక్క కూడా వేరే కాబట్టి సరిగ్గా మార్చకపోతే తెల్లటి భాగాలు వెలిసిపోతాయి. "హమ్మయ్య, తెరుచుకుంది" అనుకుని సీడీ పారేస్తే పెళ్ళిఫోటోలో అమ్మ చీర జరీ అంచు శాశ్వతంగా పోయినట్టే. ఇదీ మామూలు మనిషి తప్పేనా?

జేపెగ్ ప్రమాణమూ 1992లోదే. అది ఎవరైనా చదివి ప్రోగ్రాము రాసుకునేలా ప్రచురించారు. అందుకే ఇవాళ ఏ ఫోన్లోనైనా తెరుచుకుంటుంది. తేడా వయసులో లేదు, దాపరికంలో ఉంది.

"వ్యాపార రహస్యం కదా" అంటారా? స్కానర్ రహస్యం దాచుకోండి, ఎవరొద్దన్నారు? ఫైల్లో ఉన్నది మాత్రం మా బొమ్మ. ఈ జబ్బు సీడీలతో పోలేదు కూడా. 2005లో నికాన్ డీ2ఎక్స్ రా ఫైళ్ళలో వైట్ బ్యాలెన్స్ వివరాలు ఎన్‌క్రిప్ట్ చేసి ఉన్నాయని పెద్ద గొడవే అయింది.

మీ దగ్గర పీసీడీలుంటే ముందు హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. పూర్తి సైజులో టిఫ్‌లోకి మార్చండి. వచ్చిన బొమ్మ ఎన్ని పిక్సెళ్ళో చూసుకోండి. అసలు ఫైలు మాత్రం పారెయ్యకండి.

బీరువా అమ్మినవాడు తాళంచెవి తన దగ్గరే ఉంచుకుంటానంటే ఒప్పుకుంటామా? మరి ఫోటోల విషయంలో ఎందుకు ఒప్పుకుంటున్నాం?