మన నిల్వలకు ఖబర్దార్ ఎవరు?

తెలుగులో 'హెచ్చరిక' అనే మాటకు రెండర్థాలు కలవు. రాబోయే అపాయాన్ని తెలియజెప్పడం హెచ్చరిక. తెలిసినదాన్ని మనసున ఉంచుకొని మెలకువతో మెలగడమూ హెచ్చరికే. 'హెచ్చరికగా ఉండు నాయనా' అని పెద్దలు అనేటప్పుడు వారి ఉద్దేశం ఈ రెండవదే. ఉర్దూ నుండి మనకు వచ్చిన 'ఖబర్దార్'లోనూ ఇదే విశేషమున్నది. ఖబర్ అనగా వార్త. ఖబర్దార్ అనగా వార్తను కలిగినవాడు. తెలుగువారి నోట అది 'ఖబడ్దార్' అయి వట్టి బెదిరింపుగా మిగిలింది గాని, మూలంలో ఆ మాట వినేవాని స్థితిని చెబుతుంది. వార్త పుడితే చాలదు, దాన్ని చేతపట్టిన మనిషి ఒకడుండాలి అని మన రెండు భాషలూ ఏకకంఠంతో చెబుతున్నాయి.

భాష బోధించుకొనేవాడికి కంప్యూటరు గదితో పనేమిటని కొందరు మిత్రులు అడగవచ్చు. ఆ గదిలో ఒక మూలనున్న స్టోరేజి పెట్టెలో ఈనాడు మన కళాశాల జ్ఞాపకశక్తి అంతా ఉన్నది. విద్యార్థుల మార్కుల పట్టికలు, స్కాలర్‌షిప్ దరఖాస్తులు, బదిలీ పత్రాల నకళ్లు, కాతిబులు చేతితో వ్రాసిన పాత ఉర్దూ సంచికల ఛాయాచిత్రాలు అన్నీ అందులోనివే. ఆ సంచికలలో కొన్నింటి అసలు ప్రతులు చెదలపాలైనవి. మిగిలినది పెట్టెలోని నీడ మాత్రమే. కనుక దాని యోగక్షేమాలు విచారించడం యంత్రజ్ఞుల పని మాత్రమే కాదు, మనందరి పని.

ఇటువంటి పెట్టెలో నాలుగైదు డిస్కులు ఉంటాయి. వాటిని 'రెయిడ్' అనే పద్ధతిలో కలిపి కట్టుతారు. సాధారణంగా వాడే ఒక అమరికలో ఒక డిస్కు చెడినా సమాచారం చెడదు, పని ఆగదు. చిక్కంతా ఇక్కడే ఉన్నది. పని ఆగదు కనుక ఎవరికీ అనుమానం రాదు. రెండవ డిస్కు కూడా చెడిననాడు ఉన్నదంతా ఒక్కసారిగా పోతుంది. నేనెరిగిన ఒక కార్యాలయంలో ఇటువంటి పెట్టె కీచుమని మొర పెట్టుకొంటుంటే, చెవులు పోతున్నాయని బజరు ఆపివేశారు. తరువాత ఎర్రదీపం కంట్లో పొడుస్తున్నదని దానిపై కాగితం అంటించారు. యంత్రం తన ధర్మం తాను నెరవేర్చింది. ఆ గదిలో లేనివాడు ఖబర్దార్ ఒక్కడే.

కృష్ణా డెల్టాలో పుట్టి పెరిగినవారికి ఈ సత్యం కొత్తగా చెప్పనక్కరలేదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచివేసి సుమారు 10,000 మందిని బలిగొన్నది. తుఫాను సమాచారం ఆనాడు బొత్తిగా లేకపోలేదు. ఆ సమాచారం తీరగ్రామాలలోని గుడిసె గుడిసెకూ చేరి మనుషులను కదిలించే ఏర్పాటే లేకపోయింది. 1990 మేలో మరొక ప్రచండ తుఫాను దాదాపు అదే తీరాన్ని తాకినప్పుడు లక్షకు మించిన జనాన్ని ముందుగానే తరలించారు. అప్పుడు కూడా సుమారు 1,000 మంది మరణించారు. కాని 1977తో పోల్చి చూస్తే, వార్త మనిషిదాకా చేరడంలోని విలువ మనకు తెలుస్తుంది.

ప్రకాశం బ్యారేజి వద్ద ప్రవాహం 3.97 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు చేరితే రెండవది. ఏ అంకెకు ఏమి చేయాలో ముందే నిర్ణయమై ఉన్నది. 2024 సెప్టెంబరు 2న అక్కడి ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. ఆ అంకెలను గంట గంటకూ లోకమంతా చూచింది. కాని అంతకు ముందురోజే సింగ్‌నగర్ ప్రాంతాన్ని ముంచినది కృష్ణ కాదు, బుడమేరు. నీరు గుమ్మంలోకి వచ్చిన తరువాతనే తమకు సంగతి తెలిసిందని అక్కడివారు అనేకులు అన్నారు. మహానది మీద వేయికళ్లు ఉంచి చిన్నయేరును మరచినవారికి ముంపు చిన్నయేటి నుండే వస్తుంది. సి.సి. కెమెరాలను, ఇంటర్నెట్టు వేగాన్ని అనుదినం చూచుకొంటూ స్టోరేజి పెట్టెను మరచిన సంస్థలు దీన్ని గమనించాలి.

ఇక పరికరాల మాట. నెట్‌వర్క్ మీది యంత్రాల క్షేమసమాచారం కనుక్కొనడానికి 1988లో ఎస్.ఎన్.ఎమ్.పి. అనే పద్ధతి ఏర్పడింది. ఇందులో మార్గాలు రెండు. పర్యవేక్షించే కంప్యూటరు ఐదు నిమిషాలకొకసారి పెట్టెను పలకరించి బాగోగులు అడగడం ఒకటి. అపాయం కలిగినప్పుడు పెట్టె తానే కబురు పంపడం రెండవది. ఈ రెండవదానికి 'ట్రాప్' అని పేరు. ట్రాప్ అనగా పోస్టుకార్డు వంటిది. చేరినదో లేదో పంపినవాడికి తెలియదు. 'ఇన్‌ఫార్మ్' అనే మరొక రకం ఉన్నది. అది ముట్టినట్లు రసీదు వచ్చే ఉత్తరం వంటిది. పైగా నెట్‌వర్క్ తీగయే తెగిపోతే పెట్టె ఎంత అరచినా కబురు గది దాటదు. అందుచేత పెట్టె తానే చెబుతుందని కూర్చొనక, బయటినుండి పలకరించేవాడొకడు తప్పక ఉండాలి. పలకరింపుకు బదులు రాకపోవడమే అప్పుడు హెచ్చరిక అవుతుంది.

ఈ-మెయిలు ద్వారా వచ్చే కబుర్లకూ ఇదే గతి. 2022 మే 30 నుండి గూగుల్ సంస్థ పేరు, సంకేతపదం మాత్రమే ఇచ్చి పాత పద్ధతిలో మెయిలు పంపే యంత్రాలకు తలుపు మూసింది. అమరిక మార్చని పెట్టెలు ఆనాటి నుండి మూగపోయినవి. మూగపోయిన సంగతి చెప్పడానికీ వాటికి నోరు లేదు!

పెద్ద సంస్థలకు ఇటువంటి ఆపద రాదనుకొనడం భ్రమ. ప్రపంచమంతటి ప్రోగ్రామర్లు తమ పనిని దాచుకొనే గిట్‌ల్యాబ్ అనే సంస్థలో 2017 జనవరి 31న ఒక ఇంజనీరు పొరపాటున అసలు సమాచార భాండారాన్ని చెరిపివేశాడు. బ్యాకప్ కొరకు వెదకితే ఖాళీగా ఉన్నది. ప్రతిదినం తీయవలసిన బ్యాకప్ విఫలమవుతూనే ఉన్నది. విఫలమైనట్లు మెయిళ్లు కూడా బయలుదేరినవి. కాని వాటిపై ఉండవలసిన ధ్రువీకరణ లేనందున అందుకొనే చోట అవి తిరస్కరింపబడినవి. ఆ ఇంజనీరే ఆరుగంటల ముందు వేరొక పనికై తీసిపెట్టిన నకలు వారిని కాపాడింది. ఆరుగంటల సమాచారం మాత్రం తిరిగి రాలేదు. ఈ కథను ఆ సంస్థవారే దాచక లోకానికి చెప్పడం వారి గొప్పతనం.

అట్లని ప్రతి చిన్న విషయానికీ గంట మోగించడం వివేకం కాదు. 'నాన్నా పులి' కథ మనకు చిన్ననాటి నుండీ తెలుసు. రోజుకు నలభై కబుర్లు వచ్చే ఫోనులో నలభైయొకటవదాన్ని ఎవరూ చదవరు. బ్యారేజి వలె రెండు మెట్లు చాలు. నిల్వస్థలం 80 శాతం నిండితే మొదటి హెచ్చరిక, 90కి రెండవది. విజయవాడ ఎండలలో ఆదివారంనాడు గదిలోని ఏ.సి. ఆగితే డిస్కుల వేడికీ అట్లే రెండు మెట్లు. డిస్కు చెడుట, కరెంటు పోయి యూపీఎస్ మీద నడచుట, బ్యాకప్ విఫలమగుట అనే మూడింటికి మెట్లు లేవు, వెంటనే ఫోను మోగవలసినదే.

హెచ్చరికలుంటే నకలు అక్కరలేదనీ భావించరాదు. లక్షకు పైగా డిస్కులను పరిశీలించి గూగుల్ పరిశోధకులు 2007లో ఒక పత్రం ప్రకటించారు. చెడిన డిస్కులలో సగానికి పైగా, ముఖ్యమైన నాలుగు ముందస్తు సూచనలలో ఒక్కదానినీ చూపకుండానే చెడినవని అందులో తేలింది. సూచన చూపినవాటిని మాత్రం ఉపేక్షింపరాదనీ ఆ పత్రమే చెబుతున్నది. కనుక వేరొకచోట భద్రపరచిన నకలు, మెలకువగల కాపలా రెండూ కావలసినవే.

ఈ ఏర్పాటుకు ఖర్చెంత అని కమిటీ పెద్దలు ప్రశ్నించడం సహజం. అవసరమైన సాఫ్ట్‌వేరులో మంచివి ఉచితంగానే లభిస్తున్నవి. నిత్యం పలకరించే పనికి పాత కంప్యూటరు ఒకటి చాలు. 'అమ్మిన కంపెనీవారు చూచుకొంటారు' అనే మాటను మాత్రం నేను అంగీకరించలేను. వారు చెడిన డిస్కును మార్చి ఇవ్వగలరు. పోయిన మార్కుల పట్టికను ఇవ్వలేరు. కావలసినది ధనం కన్న నిర్ణయం.

కమిటీవారికి నా విన్నపం ఇది. హెచ్చరికలు ఎవరో ఒకరి సొంత చిరునామాకు కాక, కళాశాల పేరిట ఉన్న చిరునామాకు రావాలి. ఉద్యోగి బదిలీ అయినా అది మారరాదు. అందుకొనే బాధ్యత ఇద్దరికి పేరు పేరునా అప్పగించి కార్యాలయపు గోడమీద వ్రాయాలి. ఒకరు సెలవులో ఉంటే రెండవవారు ఉంటారు. 'అంతా సవ్యం' అనే కబురు ప్రతి ఉదయమూ రావాలి, రానినాడు వెంటనే విచారించాలి. నెలకొకసారి తెలిసే తెలిసే ఒక తీగ ఊడదీసి, ఎన్ని నిమిషాలలో ఎవరి ఫోను మోగిందో పుస్తకంలో నమోదు చేయాలి. పెట్టెతోపాటు వచ్చిన 'పబ్లిక్' అనే సంకేతపదాన్ని మొదటిరోజే మార్చివేయాలి. లేకున్న మన కాపలావాడే దొంగకు దారి చూపినవాడవుతాడు.

విద్యార్థులారా! ఆ నెలవారీ పరీక్షను మీలో కంప్యూటరు చదివేవారు చేపట్టవచ్చు. ఉద్యోగాలలో మీరు రేపు నేర్వబోయే పని ఇదే. దాన్ని ఇక్కడ, మీ సొంత మార్కుల పట్టికను కాపాడుకొంటూ నేర్చుకొనడం కన్న మంచి పాఠం ఏముంటుంది? ఈ విద్యాసంవత్సరం ముగిసేలోగా ఆ గోడమీద రెండు పేర్లు కనిపించగలవని ఆశిస్తున్నాను.