నాలుగు కర్రలు కొట్టడానికి బుర్రెందుకు?

గరాజ్‌లో క్యాంపర్ ట్రైలర్ కట్టుకుంటున్నానని తెలిసిన దగ్గర్నుంచీ ఇక్కడి మనోళ్ళవి రెండే మాటలు. ఒకటి: "ఇంత జీతమొస్తోంది, నీకీ వడ్రంగప్పని ఎందుకు గురూ?" రెండోది: "నాలుగు కర్రలు నిలబెట్టి ప్లైవుడ్ కొట్టెయ్యడమేగా, దానికిన్ని లెక్కలా?" రెంటికీ మూలం ఒక్కటే: చేత్తో చేసే పనికి బుర్ర అక్కర్లేదన్న నమ్మకం. ఈ రోగాన్ని వీసాతో పాటే మోసుకొచ్చాం.

సరే, బుర్ర పెట్టకుండానే కడదాం. అమెరికాలో ఇళ్ళ గోడలకి మామూలుగా 16 అంగుళాలకొక టూ బై ఫోర్ నిలబెడతారు. దాన్నే కాపీ-పేస్ట్ చేసెయ్యమంటారు. పేరు ఏదైనా దాని అసలు కొలత 1.5 x 3.5 అంగుళాలు. టూ బై టూ అయితే 1.5 x 1.5. అంటే కర్ర కర్రకీ రెండింతల పైన బరువు. ఇల్లు కదలదు కాబట్టి దానికి చెల్లింది. ట్రైలర్ ఎంత మోస్తుందో ముందే రాసిపెట్టి ఉంటుంది. గోడలు ఎంత తింటే మంచినీళ్ళకీ, సామానుకీ అంత కోత.

ఇంకోటి. ట్రైలర్‌కి హైవే అంటే ఆగని భూకంపం. ఆ అదురుకి ఉత్త మేకులు మెల్లగా వదులైపోతాయి. కర్ర కొసలోకి నిలువునా దింపిన స్క్రూకీ పట్టు తక్కువే. అందుకే కలిసే చోట రెండు కర్రల్నీ సగం మందం చెక్కి, ఒకదాన్లో ఒకటి కూర్చి, జిగురు పూసి బిగించాలి. పైన పల్చటి ప్లైవుడ్‌ని కూడా జిగురుతో అతికించాలి. గోడ పక్కకి ఒరగకుండా ఆపేది ముఖ్యంగా అదే, నిలువు కర్రలు కాదు.

మరి పైకప్పో? బల్లపరుపుగా వేస్తే నీళ్ళు నిలుస్తాయి. నిలిచిన నీరు ఏదో ఒక స్క్రూ కన్నం వెతుక్కుంటుంది. అడ్డకర్రలకి నడుమ కొంచెం ఎత్తొచ్చేలా వంపు కొయ్యాల్సిందే. గాలి కోసం 14 అంగుళాల చదరం కన్నం పెట్టాలంటే చుట్టూ చట్రం ముందే ఆలోచించాలి.

ఇది డిజైన్ కాకపోతే మరేంటండీ? పైగా ఇక్కడ రోల్‌బ్యాక్ లేదు. గోడ ఊడితే పడేది వెనక కార్లో వాళ్ళ మీద.

ఆర్కిటెక్ట్, ఫ్రేమ్‌వర్క్, బిల్డ్... మనం గొప్పగా చెప్పుకునే మాటలన్నీ కట్టేవాళ్ళ దగ్గర అప్పు తెచ్చుకున్నవే. కానీ ఊళ్ళో మన ఇంటి తలుపులు చేసిన పెద్దాయన్ని "ఏరా" అంటాం, నిన్నగాక మొన్నొచ్చిన మేనేజర్ని "గారు" అంటాం. పిల్లలకి లీగో కొనిపెడతాం, సుత్తి ముట్టుకుంటే మాత్రం "పోయి చదువుకో" అంటాం.

అప్పు తీర్చకపోతే మానె, అప్పిచ్చినవాణ్ణి వెక్కిరించడం మానండి.